రేవు దాటాకే బస్సు: మన బడి విహారయాత్రల కథ

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా చరిత్ర రాయమని సంఘం కార్యదర్శి గారు అడిగితే, బస్సుల గురించి రాస్తానన్నాను. ఆయన నవ్వారు. బడి కట్టిన దాతల గురించీ హెడ్మాస్టర్ల గురించీ రాసేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. కానీ మన బడి పిల్లల్ని ఎక్కడెక్కడికి తీసుకెళ్లింది, ఎవరిని తీసుకెళ్లింది, ఎవరిని ఇంటి దగ్గర వదిలేసింది అన్నది తెలియాలంటే ఆ రోజుల్లో బస్సు ఎలా మాట్లాడేవారో చూడాలి.

మనది కోనసీమ. అటు గౌతమి, ఇటు వశిష్ఠ, నడుమ వైనతేయ, దిగువన సముద్రం. ఎటు వెళ్లాలన్నా నీళ్లు దాటాలి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి కాలువలు వచ్చాక, ధాన్యంతో పాటు మనుషులూ వాటి మీదే తిరిగారు. మా తాతల కాలంలో యాత్ర అంటే పడవ మాట్లాడుకోవడమే. లాకు లాకుకీ ఆగుతూ, వండుకుంటూ వెళ్లేవారట. గౌతమికి అవతల, కాకినాడ నుంచి కోటిపల్లి దాకా రైలు కూడా ఉండేది. 1940లో యుద్ధం అవసరాలకని ఆ పట్టాలు తీసుకుపోయారు. మళ్లీ రైలు కూత వినబడింది 2004లో. నడుమ రెండు తరాల పిల్లలు కోటిపల్లిలో రైలు చూడకుండానే పెద్దవాళ్లయ్యారు.

మేం చదువుకున్న ఎనభైల్లో విశాఖపట్నం వెళ్లాలంటే దారులు రెండు. ఒకటి, అమలాపురం, రావులపాలెం మీదుగా చుట్టూ తిరిగి జొన్నాడ వంతెన దాటి జాతీయ రహదారి పట్టడం. రెండోది దగ్గరి దారి: యెదుర్లంక రేవులో గౌతమి దాటి యానాం, అక్కణ్ణించి కాకినాడ. చుట్టుదారికి కిలోమీటర్లు ఎక్కువ, కాబట్టి డబ్బు ఎక్కువ. ఆర్టీసీ స్పెషల్ బస్సుకి డిపోలో ముందే డిపాజిట్ కట్టాలి. బస్సు డిపోలో బయల్దేరినప్పటి నుంచి తిరిగి డిపోకి చేరేదాకా లెక్కే. ఖాళీగా మన ఊరొచ్చిన దూరం కూడా మనదే. ఆ లెక్క చూసి మన లెక్కల మాస్టారు ఒక ఉపాయం పట్టారు. పిల్లల్ని తెల్లవారుజామునే రేవు దాటించి, అవతలి గట్టున ప్రైవేటు బస్సు మాట్లాడేవారు.

చెప్పినంత తేలిక కాదది. యానాం 1954 దాకా ఫ్రెంచి వాళ్లది, ఇప్పుడు పుదుచ్చేరి పాలనలోది. అక్కడ రిజిస్టరైన బండి ఆంధ్రాలో తిరగాలంటే దానికి వేరే పర్మిట్ కావాలి. అందుకని మాస్టారు కాకినాడ బండినే యానాం రప్పించేవారు. బస్సు తొందరగా వస్తే డ్రైవరు యానాంలో ఊరికే కూర్చోడన్న బెంగ వేరే ఉండేది. ఎందుకో మన పాఠకులకు చెప్పనక్కర్లేదు. ఇంతా చేస్తే, పోటు పాట్లు చూసుకోవాలి. పాటు మీదుంటే పంటు గట్టుకి ఆనదు, పిల్లలు మోకాటి లోతు బురదలో దిగాలి. మాస్టారి జేబులో తిథులు రాసుకున్న కాగితం ఒకటి ఉండేది. యాత్రకి రోజు పెట్టింది సెలవుల్ని బట్టి కాదు, ఆ కాగితాన్ని బట్టి.

ఆ కాగితం మీద రాయనిది ఒకటుంది. తిరుగు ప్రయాణంలో బస్సు ఆలస్యమై ఆఖరి పంటు తప్పిపోతే రాత్రంతా అవతలి గట్టునే పడుకోవాలి. అందుకని ఆడపిల్లల్ని తీసుకెళ్లేవారు కాదు. పదో తరగతిలో మా క్లాసు మగపిల్లలు విశాఖ వెళ్లొచ్చి సముద్రం గురించి చెప్పారు. సముద్రం మనకీ ఉంది కదరా అంటే, అక్కడ ఓడలున్నాయన్నారు. మా ఆడపిల్లలందరం ఆ రోజు ద్రాక్షారామం కూడా చూడకుండా బడిలో కుట్టుపని చేశాం. ఎవరూ మమ్మల్ని వద్దనలేదు. అడగాలన్న ఆలోచన మా ఇళ్లలోనూ ఎవరికీ రాలేదు.

చాలా ఏళ్లు ఆ సంగతి మాస్టారి తప్పనే అనుకున్నాను. తర్వాత అదే బడిలో టీచరుగా చేరి, యాత్రల బాధ్యత నా మీద పడ్డాక అర్థమైంది, ఆ భయం ఉత్తిది కాదని. 1996 నవంబరు 6 తుఫాను తర్వాత ఆ ఏడు యాత్ర ఊసే ఎత్తలేదు. ఆ పైన నవంబరులో బస్సు మాట్లాడటమే మానేశాం. సంక్రాంతి వెళ్లాక, పరీక్షల ముందు, అంతే.

2002లో యానాం, యెదుర్లంకల మధ్య వంతెన వచ్చింది. దాన్ని చూడాలని ఎంతో ఆశపడిన మన ప్రాంతపు బిడ్డ, లోక్‌సభ స్పీకరు బాలయోగి గారు ఆ ఏడే మార్చి 3న హెలికాప్టరు ప్రమాదంలో పోయారు. వంతెనకు ఆయన పేరే పెట్టారు. మరుసటి ఏడు మొట్టమొదటిసారి బస్సు మన బడి గేటు ముందుకొచ్చింది. గేటు ముందుకంటే నిజంగా గేటు ముందుకి కాదు లెండి. కాలువ గట్టు రోడ్డు మీద బస్సు తిరగడానికి చోటు లేదు, తూము బరువు ఆపదు. అరకిలోమీటరు దూరంలో రైసుమిల్లు దగ్గర ఆపారు. ముందురోజు సాయంత్రం నేనూ అటెండరూ వెళ్లి దారికి అడ్డంగా వాలిన కొబ్బరిమట్టలు కొట్టించి వచ్చాం. ఇది ఇప్పటికీ పనికొచ్చే సంగతే: మన ఊళ్లకు బస్సు మాట్లాడేటప్పుడు ఎన్ని సీట్లని అడిగే ముందు, ఎక్కడ తిరుగుతుందో చూసుకోవాలి.

ఆ బస్సులో ఆడపిల్లలు సగానికి పైనే. జాబితా మూడు ప్రతులు రాశాను. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం కాంట్రాక్టు బస్సు దారిలో ఎవరినీ ఎక్కించుకోకూడదు, మాట్లాడుకున్నవాళ్లే ఎక్కాలి. డ్రైవరు తమ్ముడు కాకినాడలో ఎక్కుతానంటే కుదరదన్నాను. విశాఖలో బీచి ఒడ్డున కురుసుర జలాంతర్గామిని మ్యూజియంగా తెరిచి అప్పటికింకా ఏడాది కాలేదు. పిల్లలు దాని లోపల వంగి నడుస్తుంటే నేను బయట నిలబడి తలలు లెక్కపెట్టాను. తిరిగి వచ్చేసరికి రాత్రి పదకొండు దాటింది. వంతెన మీద పిల్లలు నిద్రలో ఉన్నారు, ఏరు దాటినట్టు ఒక్కరికీ తెలియలేదు.

వంతెనలు అన్ని రేవులకీ రాలేదు. 2018 జూలై 14న పశువుల్లంక దగ్గర, కడుతూ ఉన్న వంతెన స్తంభానికి తగిలి పడవ తిరగబడింది. బడి నుంచి ఇళ్లకు వెళ్తున్న పిల్లలున్న పడవ. ఇల్లు చేరనివాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలే. ఆ వార్త చదివిన రోజు నాకు మాస్టారూ, ఆయన జేబులోని కాగితమూ గుర్తొచ్చాయి.

స్వర్ణోత్సవాల సందర్భంగా సంఘం తరఫున ఒక బస్సు మాట్లాడుతున్నామని మీకు తెలుసు. ఎక్కడికని అడిగితే మా బ్యాచి ఆడవాళ్లందరూ ఒకే మాట చెప్పారు, విశాఖ అని. చాలామంది తర్వాత ఎన్నోసార్లు వెళ్లినవాళ్లే. అయినా ఆ దారినే, ఆ వరసలోనే వెళ్లాలట: యానాం, కాకినాడ, అన్నవరం, తుని. మోకాళ్ల నొప్పులున్నవాళ్ల కోసం మెట్లు తక్కువ ఎత్తున్న బండి చూడమన్నాను. తొంభైకి దగ్గర పడిన మాస్టారికి ముందు సీటు ఉంచాం. ఫోనులో చెబితే ఆయన అడిగిన మొదటి మాట, "ఆ రోజు తిథి ఏమిటమ్మా?"

బేరం మాట్లాడటానికి వచ్చిన డ్రైవరు కుర్రాడికి పాతికేళ్లుంటాయి. యెదుర్లంక రేవు దగ్గర ఒక్క పది నిమిషాలు ఆపాలి బాబూ అన్నాను. "అక్కడ రేవేముందండీ, బ్రిడ్జి కదా!" అన్నాడు. ఆ పది నిమిషాలకి వెయిటింగు చార్జీ వేయకుండా రాయించుకున్నాను.