మంచు గొయ్యి

మంచు గొయ్యి అంటే కొండవాలుపై పేరుకున్న మంచు పొరల అమరికను, పట్టును పరిశీలించి, చరియలు విరిగిపడే ముప్పును అంచనా వేయడానికి పారతో తవ్వే గుంట. స్విట్జర్లాండ్‌లో దావోస్ ఎగువన ఉన్న వైస్‌ఫ్లూయోఖ్ వద్ద మంచు పరిశీలనలు 1936 నుంచి సాగుతున్నాయి. భారత్‌లో ఈ అధ్యయనానికి 1969లో మనాలీలో ప్రత్యేక సంస్థ ఏర్పడింది. 2020లో అది డీఆర్‌డీఓ కొత్త సంస్థలో కలిసింది.

గొయ్యిలో నీడపట్టున ఉండే గోడను నిలువుగా, నున్నగా చెక్కుతారు. పొర గట్టిదనాన్ని పిడికిలి, నాలుగు వేళ్లు, ఒక వేలు, పెన్సిల్, కత్తి వరుసగా గుచ్చి, ఏది దిగుతుందో చూసి నిర్ణయిస్తారు. గట్టి పలక కింద పంచదారలా రాలే పలుకుల పొర ఉండటం ప్రమాద సూచిక. నేలకూ ఉపరితలానికీ మధ్య ఉష్ణోగ్రతా భేదం ఎక్కువైనప్పుడు, ముఖ్యంగా మంచు పలచగా ఉన్నచోట, ఇలాంటి పలుకులు ఏర్పడతాయి.

ఒత్తిడి పరీక్షకు 30 సెం.మీ. భుజాల చదరపు స్తంభాన్ని గోడనుంచి విడదీసి, పైన పార పలక ఉంచి, మణికట్టు, మోచేయి, భుజం నుంచి పదేసి దెబ్బలు వేస్తారు. స్తంభాన్ని 90 సెం.మీ. వెడల్పున కోస్తే పగులు అడ్డంగా పాకే తీరూ తెలుస్తుంది. కొన్ని మీటర్ల దూరంలోనే పొరలు మారవచ్చు కనుక, ఒక్క గొయ్యిలో పగులు రాకపోవడం వాలు భద్రమనడానికి రుజువు కాదు.