పాలసీ: ఒకే పేరు, రెండు పుట్టుకలు

మన ఇళ్లలో పాలసీ అంటే ముందు గుర్తొచ్చేది ఎల్‌ఐసీ కాగితమే. ‘పాలసీ కట్టావా?’ అంటే ప్రీమియం సంగతే. ఈ బీమా పాలసీ ‘రుజువు’ అనే అర్థమున్న గ్రీకు మాట ‘అపోడైక్సిస్’ నుంచి పుట్టి, ఇటాలియన్ ‘పోలిజా’ మీదుగా వచ్చింది. ‘విధానం’ అనే పాలసీ వేరు. దాని మూలం ‘పోలిస్’, అంటే నగరం. మన పోలీసుదీ అదే వంశం!

ఆండ్రాయిడ్ బిల్డ్‌లోని ‘సెపాలసీ’, అంటే ఏ ప్రోగ్రాము దేన్ని ముట్టుకోవచ్చో చెప్పే నియమావళి, ఈ పోలీసు వైపు చుట్టమే. దీనికి ఆధారం అమెరికా జాతీయ భద్రతా సంస్థ 2000లో విడుదల చేసిన భద్రతా వ్యవస్థ ఎస్‌ఈలినక్స్. ఆండ్రాయిడ్ 4.3లో ఇది తప్పును రాసుకుని ఊరుకునేది. 5.0 నుంచి పూర్తిగా అడ్డుకుంటోంది.

గూగుల్ ఇచ్చే మూల పాలసీ అందరికీ ఉమ్మడి. ఒక కంపెనీ తన ఫోన్లో వేలిముద్ర సెన్సర్ పెట్టిందనుకోండి. దాని డివైస్ ఫైలుకు ‘ఫైల్ కాంటెక్స్ట్స్’లో లేబుల్ తగిలించాలి. ఏ సర్వీసు దాన్ని తెరవొచ్చో ‘డాట్ టీఈ’ ఫైల్లో ‘అలౌ’ అని రాయాలి. ఈ ఫైళ్లున్న ఫోల్డరు దారిని బిల్డ్ సెట్టింగులుండే బోర్డ్‌కాన్ఫిగ్‌లో చేర్చాలి. ఇక్కడ రాయనిదల్లా నిషిద్ధమే. రూలు మరిచిపోతే సెన్సర్ పలకదు, లాగ్‌లో ‘ఏవీసీ డినైడ్’ అని పడుతుంది.

ఆ లాగ్ చూసి ‘ఆడిట్‌టుఅలౌ’ అనే పనిముట్టు రూలు తానే రాసిపెడుతుంది. దాన్ని చదవకుండా అతికించేయడం, తలుపు తట్టిన ప్రతివాడికీ తాళంచెవి ఇవ్వడమే. ఈ తొందర తెలిసే కాబోలు, మూల పాలసీలో ‘నెవర్‌అలౌ’ రూళ్లు పెట్టారు. వాటికి ఎదురెళ్లే ‘అలౌ’ ఒక్కటి కనిపించినా బిల్డ్ అక్కడే ఆగిపోతుంది.