అనంతపురం మెట్టసీమలో విమానం దిగడం

1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి తపాలా సంచులతో పుస్ మాత్ విమానాన్ని అహ్మదాబాదు మీదుగా బొంబాయికి చేర్చాడు. అక్కడి నుంచి అతని సహచరుడు నెవిల్ విన్సెంట్ దాన్ని బళ్లారిలో దించి, మళ్లీ లేపి మద్రాసుకు తీసుకెళ్లాడు. పటం మీద బళ్లారి నుంచి మద్రాసుకు తిన్నగా గీత గీస్తే అది దాదాపు అనంతపురం ఊరి మీదుగానే పోతుంది. 1882 దాకా అనంతపురం బళ్లారి జిల్లాలో భాగమే కాబట్టి ఈ సీమ విమాన చరిత్రను ఆ మైదానం నుంచే మొదలుపెట్టడం సబబు. ఆ విమానంలో రేడియో లేదు. దిగవచ్చని నేల మీద నుంచి చెప్పే మనిషీ లేడు. అలాంటి మైదానాల్లో పైలట్ పైన ఒక చుట్టు తిరిగి, గాలి ఎటు వీస్తోందో చూసుకుని, పశువులూ మనుషులూ అడ్డం లేరని నిర్ధారించుకుని దిగాల్సి వచ్చేది. అనుమతి ఇచ్చేదీ పుచ్చుకునేదీ ఆ ఒక్కడే.

తరువాత తపాలా మార్గంలో బళ్లారి స్థానం హైదరాబాదుకు దక్కింది. మెట్టసీమ మీద విమానాల సందడి చాలాకాలం పెరగలేదు గానీ, దిగడానికి సంబంధించిన కట్టుబాట్లు మాత్రం బయటి ప్రపంచంలో వేగంగా రూపు కట్టాయి. అంతకుముందే 1929లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఆర్చీ లీగ్ రెండు జెండాలు పట్టుకుని రన్‌వే చివర నిలబడేవాడు. ఎర్రజెండా ఊపితే ఆగాలి, గళ్ల జెండా ఊపితే కదలవచ్చు. జెండాల స్థానంలోకి దీపాలు వచ్చాయి. గాలిలో ఉన్న విమానానికి నిలకడైన పచ్చదీపం చూపితే దిగవచ్చని అర్థం. నిలకడైన ఎరుపైతే వేరే విమానానికి దారి ఇచ్చి చుట్టు తిరుగుతూ ఉండాలి. ఎరుపు మినుకుమినుకుమంటే ఆ మైదానం క్షేమం కాదు, దిగకూడదు. ఈ సంకేతాలు నేటికీ అమల్లోనే ఉన్నాయి. చిన్న విమానంలో రేడియో మూగబోతే టవర్‌కూ పైలట్‌కూ మిగిలే భాష ఇదే. అందుకు జవాబుగా పైలట్ పగటిపూట రెక్కలు అటూ ఇటూ ఊపుతాడు.

భారతదేశంలో 1934 నాటి విమాన చట్టం, దాని కింద వచ్చిన 1937 నిబంధనలు ఈ వ్యవహారానికి చట్టరూపం ఇచ్చాయి. 1944 డిసెంబరు 7న షికాగోలో దేశాలు ఒప్పందం చేసుకున్నాక, దాని అనుబంధాల ద్వారా ఆకాశ నియమాలు ప్రపంచమంతటా దాదాపు ఒకే తీరుకు వచ్చాయి. కంట్రోల్ టవర్ ఉన్నచోట పైలట్ రేడియోలో తన స్థానం చెప్పాలి, వరుసలో తన వంతు తెలుసుకోవాలి. రన్‌వే ఖాళీ అయ్యాక కంట్రోలర్ గాలి దిశా వేగమూ చెప్పి “క్లియర్డ్ టు ల్యాండ్” అంటాడు. పైలట్ రన్‌వే సంఖ్యతో సహా ఆ మాటను తిరిగి చెప్పి తీరాలి. వినడంలో పొరపాటు జరిగి ఉంటే అక్కడే బయటపడాలన్నది దీని ఉద్దేశం. నేల దగ్గరపడేదాకా ఆ మాట రాకపోతే దిగకూడదు. ఇంజన్ వేగం పెంచి పైకి లేచి, చుట్టు తిరిగి మళ్లీ రావాలి. ఆ మాట వచ్చినంత మాత్రాన దిగి తీరాలనీ లేదు. అనుమతితో రన్‌వే మాత్రమే చేతికొస్తుంది. విమాన భద్రతపై తుది నిర్ణయం ఎప్పుడూ కమాండర్‌గా ఉన్న పైలట్‌దే. ఈ నియమాలన్నిటిలో ప్రాణం లాంటిది ఇదే.

మెట్టసీమకు సొంత రన్‌వే పుట్టపర్తిలో దక్కింది. శ్రీ సత్యసాయి విమానాశ్రయాన్ని లార్సెన్ అండ్ టూబ్రో నిర్మించింది, 1990 నవంబరు 24న అది ప్రారంభమైంది. మొదట చిన్న ప్రైవేటు విమానాల కోసమే తలపెట్టినది. తరువాత రన్‌వేను సుమారు 2,230 మీటర్లకు పొడిగించారు. దీంతో ఎయిర్‌బస్ ఎ320 వంటివీ దిగగలిగాయి. అప్పుడు చిన్న విమానాలకు కొత్త చిక్కు వచ్చింది. పెద్ద విమానం రెక్కల కొసల నుంచి లేచే సుడిగాలి దాని వెనక చాలాసేపు నిలుస్తుంది. అందుకే ఎ320 తరగతి విమానం వెనక దిగే తేలిక విమానానికి, రాడార్ లేని చోట, 3 నిమిషాల ఎడం ఉండాలని అంతర్జాతీయ నియమం.

లైసెన్సు విషయంలో పుట్టపర్తిది ప్రైవేటు వినియోగ శ్రేణి. భారత నిబంధనల్లో ఈ శ్రేణికి అర్థం స్పష్టం. లైసెన్సుదారు, లైసెన్సుదారు ప్రత్యేకంగా అనుమతించినవారు మాత్రమే దాన్ని వాడుకోవాలి. అంటే ఇక్కడికి వచ్చే ప్రైవేటు పైలట్ ముందుగా యాజమాన్యం అంగీకారం తీసుకోవాలి. బయలుదేరే ముందు ఫ్లైట్ ప్లాన్ దాఖలు చేసి ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్ నంబరూ, ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ సెంటర్ నంబరూ పొందాలి. చివరన, గాలిలో ఉండగా, రన్‌వే మీదికి రావచ్చన్న మాట. మూడు వేర్వేరు అధికారాల దగ్గర తీసుకునే ఈ అనుమతుల్లో ఏ ఒక్కటీ మరొకదానికి బదులు కాదు.

ఇక్కడి వాతావరణం ఆ చివరి నిర్ణయాన్ని మరింత బరువు చేస్తుంది. విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 475 మీటర్ల ఎత్తున ఉంది. వేసవిలో ఎండ 40 డిగ్రీలకు చేరితే గాలి పలచబడి, రన్‌వే సుమారు 5 వేల అడుగుల ఎత్తున ఉన్నట్టే విమానం ప్రవర్తిస్తుంది. నేల మీద వేగం పెరుగుతుంది, ఆగడానికి దూరం ఎక్కువ పడుతుంది. తిరిగి పైకి లేవాల్సి వస్తే చిన్న ఇంజన్ అదే ఎండలో నీరసిస్తుంది. రన్‌వే తూర్పు పడమరలుగా 09, 27 అంకెలతో ఉంది. నైరుతి కాలంలో పడమటి నుంచి బలంగా వీచే గాలి, రామగిరి గాలిమరలను తిప్పే అదే గాలి, విమానాన్ని 27 వైపు దిగమంటుంది. కాస్త దక్షిణానికి తిరిగితే అడ్డగాలి అవుతుంది. కంట్రోలర్ గాలి లెక్క చెబుతాడు. అది తన విమానం తట్టుకోగలదో లేదో తేల్చుకోవలసింది పైలటే.

కరవు ఈ సీమ ఆకాశానికి ఇంకో రకం చిన్న విమానాలనూ తెచ్చింది. 2000ల దశాబ్దంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాయలసీమ మీద మేఘమథనం చేయించింది. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం నేలలో, మబ్బు కనిపించినప్పుడే విమానం లేవాలి. తిరుగుప్రయాణంలో అదే మబ్బుల ఈదురుగాలులు రన్‌వే మీద ఎదురవుతాయి. కంటిచూపు నియమాల ప్రకారం ఎగిరే పైలట్‌కు పది వేల అడుగుల లోపు కనీసం 5 కిలోమీటర్ల చూపు ఉండాలి. నియంత్రిత విమానాశ్రయం చుట్టూ మబ్బు అడుగు 1,500 అడుగులకన్నా కిందికి దిగితే సాధారణంగా ఆ పద్ధతిలో దిగనివ్వరు.

టవర్ లేని మైదానాల్లో నేటికీ “క్లియర్డ్ టు ల్యాండ్” అన్న మాట వినిపించదు. పైలట్ తన స్థానాన్నీ ఉద్దేశాన్నీ రేడియోలో చెబుతూ, తక్కిన విమానాలను కళ్లతో వెతుకుతూ దిగాలి. దిగే విమానాల్లో కింద ఉన్నదానికి ముందు హక్కు. అయితే ఆ హక్కును అడ్డం పెట్టుకుని, దిగడానికి తుది దశలో ఉన్న విమానం ముందుకు దూరకూడదు. 1934 చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. చట్టం మారినా దిగే విషయంలో ఈ ఏర్పాట్లే కొనసాగుతున్నాయి.