ఊరంతా విడిదిల్లే

ఆమధ్య మా అన్నయ్య డాక్టర్ల సభలకని కాకినాడ నుంచి హైదరాబాదు వచ్చాడు. వెంట వదిన కూడా వచ్చింది. మా ఇంట్లో దిగమంటే, "సభలవాళ్ళు హోటల్లో గది ఇచ్చారే, ఎందుకు వొదులుకోవడం?" అన్నాడు. సరే, రెండోరోజు సాయంత్రం నేనే వెళ్ళాను. వదిన మెళ్ళో మంగళసూత్రాలకి పోటీగా ఓ నీలం రిబ్బనూ, దానికి వేలాడుతూ ఓ అట్టముక్కా ఉన్నాయి. అన్నయ్య అట్టముక్క మీద ఆయన పేరు, ఊరు, డిగ్రీలు వరసగా ఉన్నాయి. వదిన దానిమీద మాత్రం 'ఎకంపనీయింగ్ పర్సన్' అని ఒకే ఒక్క ముక్క!

"చూశావుటే, పాతికేళ్ళు కాపురం చేశాక నా అసలు పేరేమిటో హైదరాబాదొచ్చి తెలుసుకున్నాను" అంది వదిన, పకపకా నవ్వుతూ.

నేనూ నవ్వాను. కానీ ఇంటికొచ్చాక ఆ మాట ఓ పట్టాన నన్ను వదల్లేదు. ఒక ఊరు ఇన్నివేలమందిని పిలుస్తుందే, అసలు ఎవర్ని పిలుస్తుంది? ఎవరి పేరు రాసుకుంటుంది?

సభల కోసం ఊళ్ళు పోటీపడడం ఇవాళ్టి మాట కాదు. 1896లోనే అమెరికాలో డెట్రాయిట్ నగరపు వ్యాపారులు "మీ సభలు మా ఊళ్ళో పెట్టుకోండి" అని తిరిగి అడగడానికే జీతమిచ్చి ఓ మనిషిని పెట్టుకున్నారు. సభకొచ్చినవాడు గదికి అద్దె ఇస్తాడు, భోంచేస్తాడు, బండెక్కుతాడు, పోతూపోతూ ఇంట్లోవాళ్ళకి ఏదో ఒకటి కొనుక్కుపోతాడు. అదీ లెక్క. తర్వాత ఎన్నో ఊళ్ళు ఆ దారే పట్టాయి.

ఈ తంతంతా అచ్చం మన పెళ్ళిచూపుల్లా ఉంటుంది. సభ ఇంకా మూడు నాలుగేళ్ళుందనగానే ఊరు సింగారించుకుని కూచుంటుంది. సంఘంవాళ్ళొచ్చి చూస్తారు. విమానం దిగి ఎంతసేపట్లో చేరగలం? గదులెన్ని? హాలెంత? సాయంత్రం చూడ్డానికేమున్నాయి? ఆఖరి ప్రశ్నకి హైదరాబాదు ఏనాడూ తడుముకోలేదు. చార్మినారు, గోలకొండ, ముత్యాలు, బిర్యానీ! చాలాకాలం లేనిదల్లా విడిదిల్లే.

అయితే విడిదిల్లు లేనిరోజుల్లో మనవాళ్ళు సభలు జరపలేదా? భేషుగ్గా జరిపారు. 1921 మార్చి ఆఖర్న బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘం సమావేశమైంది. తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలు, కోటిమంది సభ్యులు, ఇరవైలక్షల రాట్నాలు కావాలని తీర్మానించింది అక్కడే. పింగళి వెంకయ్యగారు గాంధీగారికి జెండా చూపించిందీ అక్కడే. రెండేళ్ళు తిరిగేసరికి, 1923 డిసెంబర్లో, కాకినాడలో కాంగ్రెసు మహాసభ. అధ్యక్షుడు మౌలానా మహమ్మదాలీ. సామర్లకోటలో విడిపోయే రైలుమార్గం మీద ఉన్న ఓ రేవుపట్నం దేశాన్నంతా పిలిచి కూచోబెట్టింది!

ఆ సభల పక్కనే ఖద్దరు ప్రదర్శన పెట్టారు. టిక్కెట్టు లేనివాళ్ళని లోపలికి రానివ్వకూడదని చెప్పి, గుమ్మంలో ఓ పద్నాలుగేళ్ళ పిల్లని నిలబెట్టారు. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చాడు. టిక్కెట్టు లేదు. ఆ పిల్ల ఆపేసింది! నిర్వాహకులు పరుగెత్తుకొచ్చి కేకలేస్తే, "మీరు చెప్పిందేగా నేను చేస్తున్నాను" అన్నదిట. చివరికి వాళ్ళు టిక్కెట్టు కొనిచ్చాకే ఆయన లోపలికి వెళ్ళాడు. ఆ పిల్లని మెచ్చుకున్నాడు కూడా. ఆమే దుర్గాబాయి. తర్వాత ఆంధ్ర మహిళాసభ స్థాపించిన దుర్గాబాయి, రాజ్యాంగసభలో కూచున్న దుర్గాబాయి. ఆ రోజున ఆమె మెళ్ళో ఏం రాసుందోగానీ, 'ఎకంపనీయింగ్ పర్సన్' అని మాత్రం ఉండి ఉండదు.

ఇక మా ఇంటి సంగతి.

1975 ఏప్రిల్ 12 నుంచి 18 వరకూ హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. 1969లో తెలంగాణ ఉద్యమం, 1972–73లో జై ఆంధ్ర ఉద్యమం. ఆ గాయాలింకా పచ్చిగా ఉన్న రోజులవి. జలగం వెంగళరావుగారు ముఖ్యమంత్రి. విద్యామంత్రి మండలి వెంకటకృష్ణారావుగారు పూనుకుని, దేశదేశాల తెలుగువాళ్ళని లాల్‌బహాదుర్ స్టేడియానికి రప్పించారు. ఊరు అతిథుల్ని పిలిచేది ఒక్క డబ్బు కోసమే కాదని దీన్నిబట్టే తెలుస్తుంది. నలుగురొస్తున్నారంటే ఇంట్లో తగవులు సర్దుకుని, గుమ్మానికి తోరణం కట్టమూ? అలాగే. తగవులు తీరాయా లేదా అన్నది వేరే చరిత్ర.

అప్పటికి అమ్మ కొత్తకోడలు. కాపురం నారాయణగూడలో. మహాసభల పేరుతో ఆ ఇంట్లో పదకొండుమంది చుట్టాలు దిగారు. స్టేడియం రిక్షాలో ఎంతోదూరం కాదు. రోజూ తెల్లవారకుండానే ఉప్మాలు, కాఫీలు, పదకొండుమందికీ నీళ్ళు కాచి తోడడాలు. వాళ్ళంతా తయారై సభలకి వెళ్ళేవాళ్ళు. రాత్రిపూట వాళ్ళు చెప్పుకునే కబుర్లు వంటింటి గుమ్మంలోంచి వినేది అమ్మ. ఏడురోజుల్లో ఒక్కపూటైనా "నువ్వూ రా అమ్మాయ్" అన్నవాళ్ళు లేరు. "వెళ్తానని నేను మాత్రం అడిగానా ఏమిటి?" అంటుంది అమ్మ ఇప్పటికీ. అలా అనేటప్పుడు మన మొహం కేసి చూడదు.

తర్వాత ఊరు పెరిగింది. 2006 జనవరిలో మాదాపూరు వైపు అంతర్జాతీయ సమావేశ కేంద్రం తెరిచారు. లోపల ఒక్క స్తంభం లేకుండా అయిదువేలమంది పట్టే హాలు. కావాలంటే ఆరు హాళ్ళుగా విడదీసుకోవచ్చు, మనం చాపలడ్డం పెట్టి గదులు చేసుకున్నట్టు. ఆ మేలోనే ఆసియా అభివృద్ధి బ్యాంకు వార్షిక సమావేశం అక్కడ జరిగింది. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం వచ్చింది. ఇక అడ్డేముంది? 2010 ఆగస్టులో ప్రపంచ గణితవేత్తల మహాసభ జరిగింది, భారతదేశంలో మొదటిసారిగా. నాలుగేళ్ళముందు, 2006లోనే, స్పెయిన్‌లో కూచుని హైదరాబాదుని ఖాయం చేసుకున్నారు. దానికి రెండురోజుల ముందు హైదరాబాదు విశ్వవిద్యాలయంలో మహిళా గణితవేత్తలు విడిగా సమావేశమయ్యారని చదివి నాకెంత సంతోషమేసిందో! లెక్కలు ఆడపిల్లలకి రావన్న మా మాస్టారొకాయన అప్పుడు గుర్తొచ్చారు.

2017 నవంబరు చివర్లో మళ్ళీ ఓ పెద్ద సభ. ప్రపంచ పారిశ్రామిక సదస్సు. 'మహిళలకే ముందు స్థానం' అన్నది దాని నినాదం. వచ్చినవాళ్ళలో సగానికి పైగా ఆడవాళ్ళే. 101 మంది ఒకేసారి కూచునే బల్ల ఉన్న ఫలక్‌నుమాలో విందు. గర్వపడాల్సిన సంగతే, కాదనను. కానీ ఆ నెల మొదట్లోనే నగరంలో రెండునెలలపాటు భిక్షాటన నిషేధించారు. కూడళ్ళలో చెయ్యిచాచేవాళ్ళని జైళ్ళశాఖ నడిపే ఆశ్రమాలకి తరలించారు. వాళ్ళలో చంటిపిల్లల తల్లులూ, ముసలమ్మలూ ఉన్నారు. ఆకలి పోవాలంటే ఎవరొద్దంటారు? కానీ చుట్టాలొస్తున్నారని మాసినబట్టల మూటని మంచంకిందకి తోసేస్తే బట్టలు ఉతికినట్టవుతుందా? చెప్పండి!

మరో రెండువారాలకి, డిసెంబరు 15న, అదే లాల్‌బహాదుర్ స్టేడియంలో ప్రపంచ తెలుగు మహాసభలు మొదలయ్యాయి. ఈసారి రాష్ట్రం వేరు, ఏలినవాళ్ళు వేరు. ఆ సాయంత్రం అమ్మని తీసుకెళ్ళాను. మోకాళ్ళ నొప్పులంటూనే మెట్లెక్కింది. కూచుని అటూ ఇటూ చూసి, "ఇంతేనా! నేనింకా పెద్దదనుకున్నాను" అంది. నలభైరెండేళ్ళు వంటింట్లోంచి ఊహించుకున్న స్టేడియం మరి! కాసేపాగి పమిటచెంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. ఎందుకని నేనడగలేదు.

అసలు విషయానికొస్తే, మూడోరోజు అన్నయ్యని సభలకొదిలేసి, వదినని సాలార్‌జంగ్ మ్యూజియానికి లాక్కుపోయాను. సభలకొచ్చేవాళ్ళు చాలామంది హాలూ హోటలూ చూసి, మా ఊరు చూశామంటూ వెళ్ళిపోతారు. వదిన అలా పోవడం నాకిష్టంలేదు. గంటకొట్టే గడియారం ముందు పిల్లల మధ్య ఇరుక్కుని కూచుని, లోపల్నుంచి బొమ్మమనిషి వచ్చి గంట కొట్టగానే చప్పట్లు కొట్టింది. ముసుగు రెబెక్కా ముందు నిలబడి "రాతిలోంచి మొహం ఎలా కనపడుతోందే!" అంది.

లోపలికెళ్ళేముందు గేటు దగ్గర నేను టిక్కెట్ల వరసలో నిలబడితే, వదిన ఆ నీలం రిబ్బను తీసి సంచిలో పడేసి, తనే డబ్బిచ్చి రెండు టిక్కెట్లు కొంది.

"మాది కాకినాడ. టిక్కెట్టు లేకపోతే నెహ్రూనే ఆపినవాళ్ళం" అంది.

"ఈ మ్యూజియాన్ని 1951 డిసెంబర్లో దివాన్ దేవిడీలో ప్రారంభించింది కూడా నెహ్రూయే వదినా" అన్నాను.

"మరి ఆరోజు ఆయన టిక్కెట్టు కొన్నాడో లేదో! గుమ్మంలో మనవాళ్ళు ఎవరూ లేరాయె" అంది వదిన.