షరాబ్‌ఖానా గోడకు ఆనించిన సైకిల్

ఇంగ్లండ్‌లో ‘పబ్ బైక్’ అని ఒక మాట ఉంది. బైక్ అంటే ఇక్కడ మోటారు బండి కాదు, సైకిలే. సాయంత్రం పబ్బుకి, అంటే షరాబ్‌ఖానాకి, పోయి రావడానికని ఉంచుకునే పాత, సస్తా సైకిల్. పెయింట్ లేచిపోయి ఉంటుంది. మడ్‌గార్డ్ గడగడలాడుతుంది. సీటు తోలు పగిలి ఉంటుంది. అదే దాని ఖూబీ. తాళం వెయ్యకుండా గోడకు ఆనించి లోపలికి పోయినా చోర్ కూడా దాని మీద నజర్ వెయ్యడు. ఇంట్లో ఖరీదైన సైకిల్ ఉన్నవాడు కూడా దీన్ని విడిగా ఉంచుకుంటాడు.

షరాబు మనకు హరాం. ఆ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, నేను రాసేది తాగుడు గురించి కూడా కాదు. ఆ సైకిల్‌ని ఎవరు తయారు చేశారు, ఎవరిని చెయ్యనివ్వలేదు అన్నదే నా సవాల్. ఎందుకంటే దాని సగా తమ్ముడు మన ఇళ్లలో కూడా ఉండేవాడు.

ఇలా గోడలకు ఆనించి కనిపించే పాత సైకిళ్లలో చాలావరకు నాటింగ్‌హామ్ నగరంలోని రాలీ కార్ఖానాలో పుట్టినవే. 1887లో ఫ్రాంక్ బౌడెన్ అనే ఆసామి రాలీ స్ట్రీట్‌లోని ఓ చిన్న వర్క్‌షాపులో డబ్బు పెట్టాడు. ఆ గల్లీ పేరే కంపెనీకి పేరైంది. నల్ల రంగు, ఇనుప ఫ్రేమ్, రాడ్ బ్రేకులు, చైన్‌ని పూర్తిగా కప్పేసే డబ్బా, నిటారుగా కూర్చుని తొక్కే హ్యాండిల్. వెనక చక్రం హబ్ లోపల స్టర్మీ ఆర్చర్ వాళ్ల మూడు గేర్లు ఉండేవి. ఆ గేర్ 1902 నాటిది. హబ్ మీద తయారైన సంవత్సరం అచ్చు గుద్ది ఉంటుంది కాబట్టి తుడిచి చూస్తే సైకిల్ ఉమర్ తెలిసిపోతుంది. ఎండలో, వానలో పడేసినా అరవై డెబ్భై ఏళ్లు నడిచే సరుకది. వానలో బ్రేకులు సరిగా పట్టవు, అది మాత్రం నిజం. తడిసిన ఇనుప రిమ్ము మీద రబ్బరు జారుతుంది.

తాగి సైకిల్ తొక్కితే ఏమీ కాదనుకునే వాళ్లకు ఓ అదాలత్ ఖిస్సా చెప్పాలి. 1872 నాటి లైసెన్సింగ్ చట్టం ప్రకారం తాగిన మత్తులో బండి, గుర్రం, పశువులు, ఆవిరి ఇంజన్ వీటిలో దేన్ని దారి మీద నడిపినా జుర్మే. అందులో సైకిల్ పేరు లేదు. 1950లో ఇల్‌ఫ్రాకూమ్ అనే సముద్ర తీరపు ఊళ్లో ఓ మనిషి తాగి, సైకిల్‌ని తోసుకుంటూ పోతూ దొరికాడు. ఎక్కి తొక్కడం లేదు, తోస్తున్నాడంతే! సైకిల్ కూడా బండేనని పై కోర్టు తేల్చింది. ‘కోర్కెరీ వర్సెస్ కార్పెంటర్’ అని లా చదివే పిల్లలకు ఇప్పటికీ ఈ కేసు పాఠం. తర్వాత 1967లో మంత్రి బార్బరా కాసిల్ కార్లు నడిపేవాళ్ల ఊపిరి పరీక్ష తెచ్చింది. ఆమెకు కారు నడపడమే రాదు, దాని మీద పెద్ద మజాక్ నడిచింది. ఆ పరీక్ష సైకిల్ వాడికి లేదు. అయినా తూలుతూ తొక్కడం నేటికీ జుర్మే, వెయ్యి పౌండ్ల దాకా జుర్మానా పడొచ్చు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

యుద్ధం అయ్యాక ఇంగ్లండ్‌కి మజ్దూర్లు కావలసి వచ్చారు. జమైకా నుంచి, మన పంజాబ్ నుంచి, మీర్‌పూర్ నుంచి ఓడలెక్కి వెళ్లారు. నాటింగ్‌హామ్‌లో పెద్ద కార్ఖానా రాలీదే. కానీ 1950లలో నల్లవాళ్లకు దాని దర్వాజా బంద్. జమైకా నుంచి వచ్చిన ఆస్వాల్డ్ జార్జ్ పవ్ అనే కార్మిక నాయకుడు దీని మీద జమైకా ముఖ్యమంత్రి నార్మన్ మాన్లీకి రాశాడు. జమైకాలో రాలీ సైకిళ్లకు మంచి గిరాకీ. మా మనుషులకు పని ఇవ్వకపోతే మీ సైకిళ్లు మేం కొనం అన్న బెదిరింపు కంపెనీకి చేరింది. దర్వాజా తెరుచుకుంది. తర్వాతి కాలంలో ఆ నగరపు నల్లవాళ్లకు ఎక్కువగా పని ఇచ్చిన చోట్లలో రాలీ కూడా ఒకటి. ఇన్సాఫ్ కోసం జల్సాలు, జులూస్‌లు చాలా చూశాను. కొనేవాడి చెయ్యి అంత సూటిగా పని చేసిన సందర్భాలు తక్కువ.

కార్ఖానాలోనే కాదు, పబ్బుల్లోనూ అదే రివాజ్. నల్లవాడికి గ్లాసు ఇవ్వం అనే పబ్బులు దేశమంతా ఉండేవి. 1958 ఆగస్టు 23 శనివారం రాత్రి నాటింగ్‌హామ్‌లోని సెయింట్ ఆన్స్ వెల్ ఇన్ అనే పబ్బు దగ్గర మొదలైన కొట్లాట వీధుల్లో దంగల్ అయింది. మాన్లీ స్వయంగా ఆ నగరానికి వచ్చాడు. అదే ఏడు ఆలన్ సిల్లిటో నవల ‘శాటర్‌డే నైట్ అండ్ సండే మార్నింగ్’ వచ్చింది. అందులో హీరో సైకిల్ కార్ఖానాలో లేత్ మీద పని చేస్తాడు, శనివారం రాత్రి పబ్బులో తాగి పడతాడు. సిల్లిటో తాను కుర్రాడిగా రాలీలో పని చేసినవాడే కాబట్టి ఆ కార్ఖానా చప్పుడు అతనికి బాగా తెలుసు. పబ్బులో రంగు చూసి బయటికి పంపడం 1965 దాకా చట్టానికి విరుద్ధం కాదు. నౌకరీ ఇవ్వకపోవడం 1968 దాకా కాదు. హబ్ మీద 58 అని అచ్చు ఉన్న సైకిల్ ఏ గోడకైనా కనిపిస్తే నాకు ఇదంతా యాదికి వస్తుంది.

మన వైపు దాస్తాన్ వేరు. ఆజాదీ తర్వాత విదేశీ సైకిళ్లు రావడం తగ్గి, అవే పేర్లతో ఇక్కడే తయారయ్యాయి. ఆసన్‌సోల్‌లో సేన్ రాలీ, మద్రాసు పక్కన అంబత్తూరులో టీఐ వాళ్ల హెర్క్యులస్, ఫిలిప్స్, బీఎస్ఏ. హీరో పేరు వెనక ఉన్న సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు. పార్టిషన్ వేళ పంజాబ్ నుంచి పాకిస్తాన్ వెళ్లిపోతున్న కరీం దీన్ అనే సైకిల్ సామాను వ్యాపారిని ఓం ప్రకాశ్ ముంజాల్ ఒక మాట అడిగాడట: నీ బ్రాండు పేరు మేం వాడుకోవచ్చా అని. కరీం దీన్ సరే అన్నాడు. ఆ పేరే హీరో. ముంజాల్ కుటుంబమే చెప్పుకునే మాట ఇది. ముంజాల్‌లు కూడా ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న కమాలియా నుంచి ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవాళ్లే. 1956లో లూధియానాలో మొదలైన ఆ కంపెనీ 1986కల్లా ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ సైకిళ్లు తయారు చేసేదిగా గిన్నిస్ బుక్కుకెక్కింది. సరిహద్దుకు అటు వెళ్లినవాడి పేరు మన గల్లీగల్లీలో చైన్ కవర్ల మీద తిరిగింది.

అక్కడ చోరీ కానందుకు ఖుష్ అయ్యే అదే నల్ల సైకిల్ ఇక్కడ ఇజ్జత్. జహేజ్‌లో గడియారం, రేడియో, సైకిల్ ఇస్తే బాగా ఇచ్చారని చెప్పుకునేవాళ్లు. మున్సిపాలిటీకి పన్ను కట్టి బిళ్ల తగిలించుకోవాలి, రాత్రి లైటు లేకపోతే పోలీసు ఆపేవాడు. మా అబ్బా హెర్క్యులస్ కూడా నానా ఇచ్చిందే. ప్రతి జుమ్మారాత్ కిరోసిన్ గుడ్డతో పుల్లలు ఒక్కోటీ తుడిచేవారు, మమ్మల్ని ముట్టుకోనిచ్చేవారు కాదు. రాత్రి దాన్ని ఇంట్లోకి ఎత్తి తెచ్చి అమ్మీ కుట్టు మిషన్ పక్కన నిలబెట్టేవారు.

నాటింగ్‌హామ్ కార్ఖానా 2002లో మూతపడింది. ఆ స్థలంలో ఇప్పుడు యూనివర్సిటీ భవనాలున్నాయి. ఆ సైకిళ్లు మాత్రం ఇంకా పబ్బు గోడలకు ఆనే ఉన్నాయి. మా అబ్బాది ఇప్పుడు తమ్ముడి దగ్గర ఉంది. పాల పాకెట్‌కి, ఫజర్ నమాజుకి తీస్తాడు. మస్జిద్ గేటు దగ్గర ఆపి తాళం వేస్తాడు. దాన్ని ఎవరు ఎత్తుకెళ్తార్రా అంటే, అబ్బా వేసేవారు కదా భాయీజాన్ అంటాడు.