అంజూరపు పండు గుట్టు: ‘సికోఫాంటిస్’ పుట్టుపూర్వోత్తరాలు

ఇంగ్లీషులో ‘సైకోఫాంట్’ అంటే పైవారిని పొగిడి పబ్బం గడుపుకొనేవాడని, మన వాడుకలో చెప్పాలంటే భజనపరుడని, నేడు అందరికీ తెలిసినదే గాని, దానికి మూలమైన గ్రీకు ‘సికోఫాంటిస్’లో పొగడ్త ఊసే లేదు. ‘సికోన్’ అంటే అంజూరపు పండు, ‘ఫైనో’ అంటే చూపుట, బయటపెట్టుట. కనుక ఈ సమాసానికి అంజూరాన్ని బయటపెట్టేవాడని అక్షరార్థం. క్రీ.పూ. 5వ శతాబ్దపు ఏథెన్స్‌లో ఇతరుల దాపరికాలను పసిగట్టి, వాటిని న్యాయస్థానానికి ఎక్కించి, లేదా ఎక్కిస్తానని బెదిరించి బతికే కొండెగాడికి అది పేరు.

అంజూరమే ఎందుకన్న ప్రశ్నకు ప్రాచీనులు చెప్పిన సమాధానాల్లో ప్లూటార్క్ ఉటంకించినది ప్రసిద్ధం. క్రీ.పూ. 594 ప్రాంతంలో శాసనకర్త అయిన సోలోన్ ఆలివ్ నూనె తప్ప మరే పంటనూ ఎగుమతి చేయరాదని కట్టడి చేశాడనీ, అంజూరాలను దొంగచాటుగా తరలించేవారిని పట్టి ఇచ్చినవారికే ఈ పేరు వచ్చిందనీ కొందరు చెబుతారని, ఆ మాటను పూర్తిగా తోసిపుచ్చనక్కరలేదని ఆయన రాశాడు. అయితే ప్లూటార్క్ సోలోన్‌కు ఆరేడు వందల ఏళ్ల తరువాతివాడు. అర్థం కాని సమాసానికి అందమైన కథను అల్లుకోవడం ఏ భాషవారికైనా అలవాటే గనుక, దీన్ని చరిత్రగా కాక ఊహగా తీసుకోవడమే ఉచితం. ఇక ‘ఫైనో’తో ఏర్పడిన మాటలన్నీ తిట్లేమీ కావు: ఎల్యూసిస్ రహస్యారాధనలో పవిత్ర వస్తువులను దీక్షాపరులకు చూపే ప్రధానార్చకుణ్ణి ‘హైరోఫాంటిస్’ అనేవారు. రెండు మాటల తోక ఒక్కటే, ఒకటి గౌరవనామం, మరొకటి తిట్టు.

అంజూరం సంగతి తేలకపోయినా, ఆ తిట్టుకు అంత పదును ఎలా వచ్చిందో ఏథెన్స్ న్యాయవ్యవస్థను చూస్తే తెలుస్తుంది. అక్కడ మన పబ్లిక్ ప్రాసిక్యూటర్ వంటి అధికారి లేడు. ప్రజలందరికీ సంబంధించిన నేరం జరిగితే ‘హో బులొమెనోస్’, అంటే ‘పూనుకొన్నవాడు’, ఏ పౌరుడైనా సరే అభియోగం తేవచ్చు. ‘ఫాసిస్’ అనే ప్రత్యేక అభియోగంలో, అంటే నిషిద్ధ సరకును లేదా ప్రజాధనం అపహరణను చూపించి పట్టి ఇచ్చే పద్ధతిలో, నేరం రుజువైతే వసూలైన సొమ్ములో సగం చూపించినవాడికే దక్కేది. ఆ ‘ఫాసిస్’ కూడా ‘ఫైనో’ నుంచి పుట్టినదే. బహుమానం ఉన్నచోట దాన్నే వృత్తిగా చేసుకొనేవారు పుట్టకుండా ఉండరు. అందుకే చాలా రకాల ప్రజాభియోగాల్లో న్యాయనిర్ణేతల ఓట్లలో అయిదో వంతు కూడా రాబట్టలేని అభియోక్తకు 1000 డ్రాక్మాల జరిమానా విధించారు; చేయి తిరిగిన పనివాడి రోజుకూలి అప్పట్లో సుమారు ఒక డ్రాక్మా మాత్రమే.

వీరిని రంగస్థలం మీద ఉతికి ఆరేసినవాడు అరిస్టోఫనీస్. క్రీ.పూ. 425 నాటి ‘అఖార్నియన్స్’ నాటకంలో, తమ ఊళ్లో దొరకనిది, ఏథెన్స్‌లో సమృద్ధిగా ఉన్నది ఏదైనా కావాలని అడిగిన బియోషియా వర్తకుడికి ఒక సికోఫాంటిస్‌ను కుండలా కట్టగట్టి అప్పగిస్తారు, క్రీ.పూ. 388 నాటి ‘ప్లూటోస్’లో అటువంటివాడే తాను ‘పూనుకొన్నవాడి’నని, ఊరి మేలు చూస్తున్నానని సమర్థించుకొంటాడు. ఆ సమర్థన నవ్వించడానికే రాసినదైనా అందులో కొంత నిజం లేకపోలేదు. సికోఫాంటిస్‌లను గురించి మిగిలిన సాక్ష్యమంతా ప్రహసనకర్తలదీ, వారివల్ల ఇబ్బందిపడిన సంపన్నులదీ, కోర్టులో ఎదుటి పక్షాన్ని ఆ పేరుతో దూషించిన వక్తలదీ. తనను తాను ఆ పేరుతో పిలుచుకొన్నవాడు ఒక్కడూ కనబడడు. క్రీ.పూ. 404లో అధికారం చేజిక్కించుకొన్న ముప్పైమంది నిరంకుశులు మొదట ఈ కొండెగాళ్లనే చంపించారని, అందుకు చాలామంది సంతోషించారని జెనొఫోన్ రాశాడు. ఆ తరువాత వారి కత్తి తమకు కిట్టనివారందరి మీదికీ మళ్లింది.

లాటిన్‌లోకి వెళ్లిన ‘సికోఫాంటా’ ప్లాటస్ నాటకాల్లో టక్కరిగా మారింది. 16వ శతాబ్దంలో ఇంగ్లీషులో అడుగుపెట్టినప్పుడు చాడీకోరు అన్న అర్థమే ఉన్నా, చాడీ చేరవేయాలంటే వినే దొర ఒకడు కావాలి గనుక, అతని ప్రాపకం కోసం పాకులాడే గుణమే క్రమంగా ముందుకు వచ్చి, బయటపెట్టడం అన్న అసలు పని మరుగున పడింది. గ్రీకులో మాత్రం ఆ మార్పు రాలేదు. ఇప్పటికీ అక్కడ ‘సికోఫాంటియా’ అంటే అపనింద, న్యాయశాస్త్ర పరిభాషలో పరువునష్టానికి చెందిన మాట.