షుగరు జబ్బు – పొడపత్రి పొట్లం నుంచి ప్రయోగశాల దాకా

ఇంట్లో ఒకరికి షుగరని తేలిందంటే చాలు, బంధువుల్లో ఎవరో ఒకరు పొడపత్రి పొడి పొట్లం పట్టుకొస్తారు. మన రుషికొండ వైపు ఇళ్లలోనూ ఇది మామూలే. పొడి మొదలుపెట్టి, డాక్టరుగారిచ్చిన మాత్రలు మానేసిన వారూ ఉన్నారు. అందుకే ఈ మందుమొక్కలను ఎవరు, ఎప్పుడు, ఎలా పరీక్షించారో కొంత మన సభ్యుల ముందుంచాలని అనుకున్నాము.

పొడపత్రిని యునానీ హకీములు గుడ్‌మార్ బూటీ అంటారు. బెల్లాన్ని చంపేదని అర్థం. ఆకు నమిలి చక్కెర నోట్లో వేసుకుంటే ఇసుక వేసుకున్నట్టే ఉంటుంది, కాసేపు తీపి తెలియదు. ఊటీలో పనిచేసిన డేవిడ్ హూపర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1887లో ఈ ఆకులోంచి జిమ్నిమిక్ ఆమ్లాన్ని వేరుచేశాడు. అయితే నాలుక మీద తీపి పోవడం వేరు, నెత్తురులో చక్కెర తగ్గడం వేరు. ఈ రెండూ ఒకటేననుకోవడం వల్లనే సగం చిక్కు వచ్చిపడుతోంది.

నెత్తురు సంగతి 1930లో మస్కర్, కైయుస్ అనేవారు జంతువుల మీద చూసి, చక్కెర తగ్గుతుందని రాశారు. రెండో రకం మధుమేహం ఉన్నవారి మీద పద్ధతిగా చూసిన ఫలితం 1990లో మద్రాసు నుంచి వచ్చింది. 22 మందికి మామూలు మాత్రలతోపాటు రోజుకు 400 మిల్లీగ్రాముల ఆకు సారం 18 నుంచి 20 నెలలు ఇచ్చారు. చక్కెర తగ్గింది, మాత్రల మోతాదు తగ్గించగలిగారు. పూర్తిగా మానగలిగిన వారు ఐదుగురే, అదీ డాక్టర్లు కనిపెట్టుకొని ఉండగా. తక్కిన 17 మంది మాట పొట్లం అమ్మేవారు ఎత్తరు!

మొక్కలను జల్లెడ పట్టడమంటే ఏమిటో మన విశాఖలో ఫార్మసీ చదివే పిల్లలనడిగితే చెబుతారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆ చదువు 1951 నుంచీ ఉంది, రుషికొండ గీతంలోనూ ఉంది. ఆకు ఎండబెట్టి, సారం తీసి, అలాక్సాన్ మందుతో షుగరు తెప్పించిన ఎలుకలకు పట్టి, గంటగంటకూ నెత్తురు చూస్తారు. లక్నో కేంద్ర ఔషధ పరిశోధన సంస్థవారు 1968లో ఇలాంటి రకరకాల పరీక్షలు 285 మొక్కల మీద చేసి ఫలితాలు ప్రకటించారు. ఎలుకలో పనిచేసినవన్నీ మనిషి దాకా రావు. వచ్చినవాటిలో ఏగిస ఒకటి. దీని చెక్క గ్లాసులో రాత్రి నీళ్లుంచి పొద్దున తాగడం పాత అలవాటే. దీన్ని భారత వైద్య పరిశోధన మండలి నాలుగు కేంద్రాల్లో పరీక్షించి 1998లో ఫలితం చెప్పింది: 12 వారాల్లో 97 మందిలో 67 మందికి చక్కెర అదుపులోకి వచ్చింది. అయితే వారంతా జబ్బు కొత్తగా బయటపడినవారు. పదేళ్లుగా ఇన్సులిన్ మీద ఉన్నవారికి ఆ లెక్క అతకదు.

ఇక మానేస్తున్న ఆ మాత్ర సంగతి. మెట్‌ఫార్మిన్ పుట్టుకా ఒక మొక్కతో ముడిపడినదే. ఐరోపాలో గలీగా అనే చిక్కుడు జాతి మొక్క ఉంది. దానిలోని గలీజిన్‌ను 1920లలో రోగులకు ఇచ్చి చూసి, నిలకడగా పనిచేయక వదిలేశారు. దానికి దగ్గరి చుట్టమైన మెట్‌ఫార్మిన్‌ను 1922లో డబ్లిన్‌లో తయారుచేశారు గానీ, షుగరుకు వాడవచ్చునని పారిస్ డాక్టరు ఝాఁ స్టెర్న్ ప్రకటించేసరికి 1957 వచ్చింది. అమెరికా అనుమతించింది 1994లో. ఆకు నుంచి మాత్ర దాకా పట్టిన కాలం అది.